రెండు అమెరికాలు – 7: చెరిపేసిన గీత

పోయిన భాగాన్ని 1850 నాటి రాజీ దగ్గర ఆపాం. కాలిఫోర్నియా బానిసలు లేని రాష్ట్రంగా యూనియన్‌లో చేరింది. దానికి బదులుగా దక్షిణాదికి దక్కింది 'పారిపోయిన బానిసల చట్టం'. పట్టుబడిన మనిషిని యజమానికి అప్పగిస్తే విచారణ జరిపిన కమిషనర్‌కు 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు ఫీజు ఇచ్చిన చట్టం అది. హ్యారియట్ బీచర్ స్టోవ్ నవల 'అంకుల్ టామ్స్ క్యాబిన్' ఉత్తరాది ఇళ్లలో ఎంత కన్నీరు తెప్పించిందో కూడా చూశాం. ఇంత జరిగినా 1853 చివరికి వాషింగ్టన్ పెద్దలు బానిసత్వం గొడవ సద్దుమణిగిందనే నమ్మారు. దాన్ని మళ్లీ రాజేసిన మనిషి దక్షిణాది తోటల యజమాని అయ్యుంటాడని పాఠకులు ఊహించవచ్చు. అతను ఉత్తరాదివాడు, ఇల్లినాయిస్ సెనేటర్.

అతని పేరు స్టీఫెన్ డగ్లస్. ఐదడుగుల నాలుగంగుళాల ఎత్తు, పెద్ద తల, సభ దద్దరిల్లే గొంతు. జనం 'లిటిల్ జెయింట్' అనేవారు. అప్పటికి నలభై ఏళ్లు. 1853 జనవరిలో భార్య మార్తా పురిట్లో చనిపోయింది. ఆమె వైపు నుంచి పిల్లలకు మిసిసిపీలో పత్తి తోట సంక్రమించింది, దానితోపాటు వందమందికి పైగా బానిసలు. ఆ తోట వ్యవహారాలు చూసినందుకు ఆదాయంలో వాటా డగ్లస్‌కు అందేది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బానిసత్వం మంచిదని డగ్లస్ ఎప్పుడూ వాదించలేదు, చెడ్డదనీ అనలేదు. ఎక్కడి తెల్లవాళ్లు అక్కడ తేల్చుకోవలసిన స్థానిక వ్యవహారం అన్నాడు, అంతే.

అతనికి కావలసింది రైలు. కాలిఫోర్నియాలో బంగారం బయటపడ్డాక పసిఫిక్ తీరం దాకా రైలుమార్గం వెయ్యాలన్న మాట అందరి నోటా ఉంది. అది ఏ ఊరినుంచి బయలుదేరితే ఆ ఊరి దశ తిరుగుతుంది. న్యూఆర్లియన్స్, మెంఫిస్, సెయింట్ లూయిస్, షికాగో పోటీ పడుతున్నాయి. డగ్లస్‌కు షికాగోలో భూములున్నాయి. ఓటర్లున్నారు. అధ్యక్ష పదవి మీద ఆశా ఉంది. షికాగో రైలు పడమటికి పోవాలంటే మిస్సోరీ, అయోవా దాటాక ఉన్న విశాలమైన గడ్డిమైదానాల్లో ముందు ప్రభుత్వం అంటూ ఒకటి ఏర్పడాలి. ఆ ప్రాంతాన్ని నెబ్రాస్కా అనేవారు.

అది ఖాళీ నేల కాదు. షానీ, డెలావేర్, కికపూ జాతులను తూర్పున సొంత ఊళ్లనుంచి వెళ్లగొట్టి, ఇక మిమ్మల్ని ఎవరూ కదిలించరని మాట ఇచ్చి తెచ్చి దింపిన చోటు అది. కా, ఒసేజ్ జాతులు అంతకుముందు నుంచే అక్కడివాళ్లు. 1854లో హడావుడిగా ఒప్పందాలు రాయించుకుని, తూర్పునుంచి తెచ్చి దింపిన జాతుల భూముల్లో చాలా భాగం లాక్కున్నారు. 'ఈ నేలలో బానిసత్వం ఉండాలా వద్దా' అని తరవాత అంత నెత్తురు కార్చిన రెండు పక్షాల్లోనూ ఈ ద్రోహం గురించి పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు.

డగ్లస్‌కు అడ్డు పడింది 1820 నాటి గీత. మూడో భాగంలో చెప్పుకున్న మిస్సోరీ రాజీ ఇదే. లూసియానా కొనుగోలులో వచ్చిన భూభాగంలో, మిస్సోరీని మినహాయించి, 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం శాశ్వతంగా నిషేధం. నెబ్రాస్కా మొత్తం ఆ గీతకు ఉత్తరానే ఉంది. అక్కడ రాష్ట్రాలు ఏర్పడితే అన్నీ బానిసలు లేని రాష్ట్రాలే అవుతాయి. అలాంటి బిల్లుకు దక్షిణాది సెనేటర్లు ఎందుకు ఓటేస్తారు? 1853 మార్చిలో ఒకసారి బిల్లును మూలన పడేశారు కూడా.

వాషింగ్టన్‌లో ఎఫ్ స్ట్రీట్ మీద ఒక ఇల్లుండేది. నలుగురు దక్షిణాది సెనేటర్లు ఆ ఇంట్లో కలిసి ఉంటూ ఒకే బల్ల దగ్గర భోజనం చేసేవారు. ఊళ్లో దాన్ని 'ఎఫ్ స్ట్రీట్ మెస్' అనేవారు. వర్జీనియానుంచి మేసన్, హంటర్. దక్షిణ కెరొలినానుంచి ముసలి ఆండ్రూ బట్లర్. మిస్సోరీనుంచి డేవిడ్ ఆచిసన్. నలుగురూ ముఖ్యమైన సెనేట్ పదవుల్లో ఉన్నవారే. ఆచిసన్ అయితే ఉపాధ్యక్షుడు లేని ఆ రోజుల్లో సెనేట్‌కు అధ్యక్షత వహించేవాడు. ఇక్కడ బట్లర్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

నలుగురిలో ఎక్కువ కంగారు ఆచిసన్‌ది. మిస్సోరీ మ్యాపు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. తూర్పున ఇల్లినాయిస్, ఉత్తరాన అయోవా, రెండూ బానిసలు లేనివి. పడమట నెబ్రాస్కా కూడా అలాగే అయితే మూడు వైపులా దారులు తెరుచుకుంటాయి. మిస్సోరీ నది వెంబడి పొగాకు, నార పంటలు పండించే రైతుల దగ్గర బానిసలు కొద్దికొద్దిమందే ఉండేవారు. ఒక్క మనిషి రాత్రికి రాత్రి నది దాటి వెళ్లిపోతే ఆ రైతు ఆస్తిలో పెద్ద భాగం వెళ్లిపోయినట్టే. ఆ పారిపోయే మనిషికి అది బతుకు అన్న ఆలోచన ఆ లెక్కల్లో ఎక్కడా లేదు.

మెస్ పెద్దలు డగ్లస్‌కు తెగేసి చెప్పారు: గీత పోవాలి, పోయిందని చట్టంలో రాయాలి. డగ్లస్ మొదట నసిగాడు. 1854 జనవరి 4న తెచ్చిన బిల్లులో గీత ఊసెత్తకుండా తెలివిగా దాటేశాడు. కెంటకీ సెనేటర్ ఆర్చిబాల్డ్ డిక్సన్ దాన్ని సాగనివ్వలేదు, గీతను సూటిగా రద్దు చెయ్యాలని సవరణ పెట్టాడు. ఇద్దరూ గుర్రపు బండిలో షికారు వెళ్లి మాట్లాడుకున్నారు. దేశంలో పెను తుఫాను రేగుతుందని తెలిసే ఆ బండిలో డగ్లస్ ఒప్పుకున్నాడని డిక్సన్ తరవాత చెప్పాడు.

ఇక అధ్యక్షుడి ఆమోదం కావాలి. వైట్‌హౌస్‌లో ఫ్రాంక్లిన్ పియర్స్ ఉన్నాడు. పదవి చేపట్టడానికి రెండు నెలల ముందు, 1853 జనవరిలో రైలు ప్రమాదంలో పదకొండేళ్ల కొడుకు బెన్నీ కళ్లముందే చనిపోయాడు. భార్య జేన్ నల్లబట్టల్లో మేడ మీద గదికే పరిమితమైపోయింది. పియర్స్ మెతక మనిషి, ఎవరు గట్టిగా అడిగితే వారి వైపు ఒరిగేవాడు. ఆదివారం రాజకీయాలు మాట్లాడడం ఆయనకు ఇష్టం ఉండదు. అయినా జనవరి 22, ఆదివారం నాడు, యుద్ధ మంత్రి జెఫర్సన్ డేవిస్ పూనుకుని డగ్లస్‌నూ దక్షిణాది పెద్దలనూ లోపలికి తీసుకెళ్లాడు. వాళ్లు బయటికి వచ్చేసరికి గీత రద్దయ్యే మాటలు అధ్యక్షుడి చేతిరాతలోనే వాళ్ల దగ్గర ఉన్నాయి. ఈ డేవిసే ఏడేళ్ల తరవాత తిరుగుబాటు రాష్ట్రాలకు అధ్యక్షుడవుతాడు.

మర్నాడు కొత్త బిల్లు సభ ముందుకొచ్చింది. ఒక ప్రాంతం రెండైంది: మిస్సోరీకి ఆనుకుని కాన్సాస్, దానికి పైన నెబ్రాస్కా. బానిసత్వం ఉండాలా వద్దా అన్నది అక్కడ స్థిరపడే జనమే తేల్చుకుంటారు. దీనికి 'జన సార్వభౌమత్వం' అని పేరు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! ప్రజలు నిర్ణయించుకుంటారంటే ప్రజాస్వామ్యంలో ఎవరు కాదంటారు? కానీ ఎవరి బతుకు తేలవలసి ఉందో ఆ నల్లవాళ్లకు ఓటు లేదు. ఎవరి నేల మీద తేలుస్తున్నారో ఆ ఆదివాసులకూ లేదు. మనిషిని మనిషి సొంతం చేసుకోవచ్చా అన్న ప్రశ్నను, మూడో మనిషి ఓటేసి తేల్చే వ్యవహారంగా మార్చడమే ఈ చట్టంలోని అసలు పాపం అని నా నమ్మకం.

ఒహాయో సెనేటర్ సాల్మన్ చేజ్, మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్, మరికొందరు కలిసి దేశానికి విజ్ఞప్తి ప్రచురించారు. ముప్పై నాలుగేళ్లుగా పవిత్రంగా ఎంచిన ఒప్పందాన్ని తుంగలో తొక్కుతున్నారన్నారు. ఉత్తరాది చర్చిల్లో, మార్కెట్ కూడళ్లలో సభలు జరిగాయి. డగ్లస్ దిష్టిబొమ్మలు ఎన్ని తగలబడ్డాయంటే, ఆ వెలుగులో బోస్టన్ నుంచి షికాగో దాకా ప్రయాణం చెయ్యగలనని అతనే అన్నట్టు చెప్పుకుంటారు. అయినా వెనక్కి తగ్గలేదు. మార్చి 3 రాత్రంతా సాగిన సభలో గంటల తరబడి మాట్లాడాడు. తెల్లవారుజామున సెనేట్ 37–14 ఓట్లతో బిల్లును గెలిపించింది. మే 22న ప్రతినిధుల సభలో 113–100 ఓట్లతో అంచుమీద గట్టెక్కింది. మే 30న పియర్స్ సంతకం చేశాడు.

సరిగ్గా ఆ వారంలోనే బోస్టన్‌లో ఇంకో ఘటన. వర్జీనియానుంచి ఓడలో దాక్కుని వచ్చి, ఒక బట్టల దుకాణంలో పని చేసుకుంటున్న ఇరవై ఏళ్ల ఆంటొనీ బర్న్స్‌ను మే 24న అరెస్టు చేశారు. రెండు రోజుల తరవాత జనం కోర్టు తలుపులు దుంగతో బద్దలుకొట్టి అతన్ని విడిపించబోయారు. ఆ తోపులాటలో కాపలావాడు ఒకడు చనిపోయాడు. బర్న్స్ మాత్రం బయటికి రాలేదు. జూన్ 2న సైనికుల వరుసల మధ్య అతన్ని ఓడ దగ్గరికి నడిపించారు. చూస్తున్న జనం యాభై వేలమంది ఉంటారని అంచనా. దారి పొడవునా కిటికీలకు నల్లగుడ్డలు, తలకిందులుగా వేలాడుతున్న జాతీయ జెండాలు, వీధికి అడ్డంగా కట్టిన శవపేటిక. ఒక్క మనిషిని తిరిగి బానిసను చెయ్యడానికి ప్రభుత్వం వేల డాలర్లు ఖర్చుపెట్టింది. మరుసటి ఏడాది బోస్టన్ నల్లజాతి చర్చివాళ్లు, మిత్రులు చందాలు పోగుచేసి 1,300 డాలర్లకు అతన్ని విడిపించారు. బర్న్స్ ఓబర్లిన్‌లో చదువుకుని కెనడాలో పాస్టర్ అయ్యాడు. అంతకుముందు రాజీకి తలూపిన బోస్టన్ వ్యాపారులు చాలామంది ఆ ఊరేగింపు చూశాక మునుపటి మనుషులు కాలేకపోయారు. అలా మారినవాళ్లలో బట్టల మిల్లుల శ్రీమంతుడు ఏమొస్ లారెన్స్ ఒకడు. అతని డబ్బు త్వరలోనే కాన్సాస్ చేరుతుంది.

రాజకీయ పార్టీల పునాదులు కదిలాయి. విగ్ పార్టీ ఉత్తర దక్షిణాలుగా చీలి మాయమైంది. ఆ శరదృతువు ఎన్నికల్లో డెమొక్రాట్లు ఉత్తరాదిలో తమకున్న 91 ప్రతినిధుల సభ స్థానాల్లో 66 పోగొట్టుకున్నారు. విస్కాన్సిన్‌లోని రిపన్‌లో, మిషిగన్‌లోని జాక్సన్‌లో జరిగిన సభల్లోంచి రిపబ్లికన్ పార్టీ అనే కొత్త మొలక లేచింది. రాజకీయాలకు దూరంగా, గుర్రబ్బండి మీద కోర్టుల చుట్టూ తిరుగుతూ వకీలు పని చేసుకుంటున్న అబ్రహాం లింకన్ అనే మాజీ కాంగ్రెస్ సభ్యుడు అక్టోబర్ 16న పియోరియాలో డగ్లస్‌కు జవాబుగా మూడు గంటలు మాట్లాడాడు. నల్లవాడు మనిషే అయితే అతన్ని అతని అనుమతి లేకుండా ఏలడం స్వపరిపాలన ఎలా అవుతుందన్నది అతని ప్రశ్న. డగ్లస్ సిద్ధాంతానికి అంతకంటే సూటి జవాబు నేనెక్కడా చూడలేదు.

ఇక కాన్సాస్‌కు వెళ్దాం. జనమే తేల్చుకోవాలంటే ఎవరి జనం ఎక్కువైతే వాళ్లదే గెలుపు. మసాచుసెట్స్‌లో ఈలై థేయర్ అనే బడిపంతులు వలస వెళ్లేవాళ్లకు సాయం చేసే సంఘం పెట్టాడు, లారెన్స్ డబ్బు పెట్టాడు. 1854 ఆగస్టు 1న మొదటి జట్టు, ముప్పైమందికి లోపే, కా నది ఒడ్డున గుడారాలు వేసుకుంది. ఆ ఊరికి లారెన్స్ అనే పేరు పెట్టారు. రైలులో సెయింట్ లూయిస్, అక్కణ్ణుంచి మిస్సోరీ నది మీద పొగపడవ, ఆ పైన ఎద్దుల బండి: అలా సాగేది ప్రయాణం. చెట్లు తక్కువ. కాబట్టి మొదటి ఇళ్లు గడ్డితో కప్పిన పాకలే, దుంగల గుడిసెలే. తినడానికి మొక్కజొన్న పిండి, ఉప్పులో ఊరిన పంది మాంసం. వేసవి ముగిసేసరికి చలిజ్వరం ఇంటింటా మూలిగించేది. ఎకరం డాలరుంబావు చొప్పున 160 ఎకరాలు దక్కుతాయన్న ఆశే చాలామందిని అక్కడ నిలబెట్టింది. వచ్చినవాళ్లందరూ బానిసల కోసం పోరాడే వీరులని అనుకోకూడదు. ఇల్లినాయిస్, ఇండియానా, ఒహాయోలనుంచి వచ్చిన ఎక్కువమందికి కావలసింది భూమి.

నదికి అవతల మిస్సోరీ కాచుకుని ఉంది. 1855 మార్చి 30న కాన్సాస్ శాసనసభకు ఎన్నికలు పెట్టారు. జనాభా లెక్కల ప్రకారం ఓటు హక్కున్నవాళ్లు 2,905 మంది. పడిన ఓట్లు ఆరు వేల పైచిలుకు. ముందు రోజునుంచే మిస్సోరీ మనుషులు బండ్ల మీద, గుర్రాల మీద సరిహద్దు దాటారు. గుర్తు కోసం గుండీలకు నారపోగులు కట్టుకున్నారు. తుపాకులు, సారా పీపాలు వెంట తెచ్చారు, కొన్ని చోట్ల ఫిరంగులు కూడా. ముందుండి పురికొల్పినవాడు ఆచిసన్. పోలింగ్ అధికారి ప్రమాణం చెయ్యమంటే తుపాకీ చూపించారు, ఓటు వేశారు, గుడారాలు మడుచుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. ఉత్తరాది పత్రికలు వీళ్లకు 'సరిహద్దు రౌడీలు' అని పేరు పెట్టాయి.

ఆ దొంగ ఓట్ల శాసనసభ మిస్సోరీ చట్టాలనే దాదాపు యథాతథంగా తెచ్చి పెట్టుకుంది. పైగా తనవి కొన్ని చేర్చింది. బానిసల తిరుగుబాటుకు సాయపడితే ఉరి. కాన్సాస్‌లో బానిసలను ఉంచుకునే హక్కు లేదని నోటితో అన్నా, రాసినా జైలు, కఠిన శిక్ష. అప్పటికి కాన్సాస్ మొత్తం మీద ఉన్న బానిసలు రెండు వందలకు లోపే. ఆ కొద్దిమందిని గొలుసుల్లో ఉంచడానికి ఎనిమిది వేలమంది నోళ్లు కుట్టేశారు.

బానిసత్వ వ్యతిరేకులు ఆ సభను గుర్తించం అన్నారు. టొపేకాలో తమ సొంత రాజ్యాంగం రాసుకుని, డాక్టర్ చార్లెస్ రాబిన్సన్‌ను గవర్నర్‌గా ఎన్నుకున్నారు. ఒకే నేలకు రెండు ప్రభుత్వాలు. పియర్స్ మాత్రం దొంగ ఓట్ల ప్రభుత్వమే చట్టబద్ధం అని ప్రకటించాడు. టొపేకావాళ్ల గురించి ఒక చేదు నిజం చెప్పకపోతే కథ అబద్ధమవుతుంది. రాజ్యాంగంతో పాటు, స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లను సైతం కాన్సాస్‌లో అడుగు పెట్టనివ్వకూడదన్న ప్రతిపాదనను కూడా ఓటుకు పెట్టి భారీ మెజారిటీతో నెగ్గించుకున్నారు. బానిసత్వాన్ని ద్వేషించినవాళ్లందరూ బానిసలను ప్రేమించలేదు.

1855 నవంబరులో ఒక పొలం హద్దు గొడవలో మనిషి చనిపోయాడు, అది రెండు పక్షాల మధ్య పోరుగా ముదిరింది. పక్షం రోజుల్లో పదిహేను వందలమంది మిస్సోరీ మనుషులు లారెన్స్‌ను చుట్టుముట్టారు. ఊరివాళ్లు మట్టికట్టలు పోశారు. మందుగుండు చాలలేదు. లోయిస్ బ్రౌన్, మార్గరెట్ వుడ్ అనే ఇద్దరు ఇల్లాళ్లు బండి కట్టుకుని వెళ్లి, పావడాల మడతల్లో తుపాకిమందు, సీసం దాచుకుని శత్రువుల మధ్యనుంచే ఊళ్లోకి తెచ్చారు. ఆడవాళ్లని సోదా చెయ్యలేదు. వాషింగ్టన్ నియమించిన గవర్నర్ సంధి కుదిర్చాడు, చలి కూడా విరుచుకుపడింది, గుంపులు విడిపోయాయి. ఆ చలికాలమంతా తూర్పునుంచి 'పుస్తకాలు' అని రాసి ఉన్న పెట్టెల్లో షార్ప్స్ తుపాకులు వచ్చాయి. న్యూయార్క్ ప్రాంతంలో పేరున్న పాస్టర్ హెన్రీ వార్డ్ బీచర్, అంటే 'అంకుల్ టామ్స్ క్యాబిన్' రాసిన హ్యారియట్ తమ్ముడే, వాటికోసం చందాలు పోగుచేశాడు. అందుకే ఆ తుపాకులకు 'బీచర్ బైబిళ్లు' అని పేరు.

1856 మే నెలలో ఆరు రోజులు చాలు ఈ భాగం మొత్తానికి.

మే 19, 20 తేదీల్లో సెనేట్‌లో సమ్నర్ కాన్సాస్ మీద ప్రసంగించాడు. అచ్చులో 112 పేజీలు. గొప్ప విద్వాంసుడు, నిజాయితీపరుడు, నాలుక మీద అదుపు లేనివాడు. ఆ రోజు సభలో లేని ముసలి బట్లర్‌ను, బానిసత్వమనే వేశ్యను వలచిన వీరుడిగా వర్ణించాడు. బట్లర్ మాట్లాడేటప్పుడు నోరు తడబడడాన్ని కూడా ఎత్తిపొడిచాడు. అది చెయ్యకుండా ఉండవలసింది. వెనక వరసలో పచార్లు చేస్తున్న డగ్లస్, ఈ మూర్ఖుడు ఇంకో మూర్ఖుడి చేతిలో చస్తాడని గొణిగాడట.

మే 21న ఎనిమిది వందలమంది లారెన్స్ మీద పడ్డారు. ఊరు ఈసారి ఎదురుతిరగలేదు. రెండు పత్రికల అచ్చుయంత్రాలు పగలగొట్టి అక్షరాలు నదిలో పోశారు. ఫ్రీ స్టేట్ హోటల్‌ను ఫిరంగులతో కొట్టి, తగలబెట్టారు. రాబిన్సన్ ఇల్లు కాల్చారు. గుంపులో ఆచిసన్ ఉన్నాడు.

మే 22 మధ్యాహ్నం సెనేట్ వాయిదా పడింది. సమ్నర్ తన బల్ల దగ్గర కూర్చుని ప్రసంగం ప్రతుల మీద సంతకాలు పెడుతున్నాడు. దక్షిణ కెరొలినా ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్, బట్లర్ బంధువు, లోపలికి వచ్చాడు. అక్కడున్న ఒక మహిళ వెళ్లేదాకా మర్యాదగా ఆగాడు. ఆ తరవాత బంగారు పిడి ఉన్న చేతికర్రతో సమ్నర్ తల మీద కొట్టడం మొదలుపెట్టాడు. సమ్నర్ పొడుగరి, కాళ్లు బల్ల కింద ఇరుక్కున్నాయి. నేలకు బిగించిన బల్లను పెళ్లగించుకుని లేచాడు, నెత్తురు కళ్లల్లో పడి ఏమీ కనబడలేదు. బ్రూక్స్ కర్ర ముక్కలయ్యేదాకా కొట్టాడు. ఆపబోయినవాళ్లను లారెన్స్ కీట్ అనే మరో ప్రతినిధి బెదిరించి నిలిపాడు.

సమ్నర్ పూర్తిగా కోలుకుని సభకు రావడానికి మూడేళ్లకు పైగా పట్టింది. మసాచుసెట్స్ అతన్నే మళ్లీ ఎన్నుకుని, ఆ కుర్చీని ఖాళీగా ఉంచింది. బ్రూక్స్‌ను సభనుంచి తొలగించడానికి మూడింట రెండు వంతుల ఓట్లు రాలేదు. కోర్టు 300 డాలర్ల జరిమానాతో వదిలేసింది. అతనే రాజీనామా చేసి ఊరెళితే జనం మళ్లీ గెలిపించి పంపారు, దక్షిణాది నలుమూలలనుంచి కొత్త చేతికర్రలు బహుమతిగా వచ్చాయి. దెబ్బలకన్నా ఆ బహుమతులే ఉత్తరాదిని ఎక్కువ భయపెట్టాయి. ఒక మనిషి కోపం అనుకుని సర్దుకుపోదామన్నవాళ్లకు, అది ఒక సమాజం కోపమని ఆ కర్రలు చూశాక తెలిసింది.

మే 24 రాత్రి, కాన్సాస్‌లో పొటవాటమీ వాగు ఒడ్డు. యాభై ఆరేళ్ల జాన్ బ్రౌన్, నలుగురు కొడుకులు, అల్లుడు, మరో ఇద్దరు పొడవాటి కత్తులతో బానిసత్వం పక్షంవాళ్ల గుడిసెల తలుపులు తట్టారు. జేమ్స్ డోయల్‌ను, అతని ఇద్దరు పెద్ద కొడుకులను బయటికి లాగారు. తల్లి మహాలా ఏడ్చి కాళ్లావేళ్లా పడితే పదహారేళ్ల మూడోవాణ్ణి వదిలారు. తరవాత తట్టు పోసి మంచాన ఉన్న భార్య బతిమాలుతుంటే అలెన్ విల్కిన్సన్‌ను, ఆ తరవాత విలియం షెర్మన్‌ను తీసుకుపోయారు. తెల్లారేసరికి ఐదు శవాలు. వాళ్లెవరికీ బానిసలు లేరు. బ్రౌన్‌కు బానిసల మీద ఉన్న ప్రేమ నిజం, నల్లవాళ్లను తనతో సమానంగా చూసిన అరుదైన తెల్లవాడతను. అయినా ఆ రాత్రి చేసింది హత్యే. ఈ రెండూ నిజమే కాబట్టి జాన్ బ్రౌన్ ఇప్పటికీ అమెరికాను వదలడంలేదు.

ఆ వేసవి కాన్సాస్‌లో ఎవరూ తలుపు గడియ వెయ్యకుండా పడుకోలేదు. ఆగస్టు చివర్లో ఒసావటమీ దాడిలో బ్రౌన్ కొడుకు ఫ్రెడరిక్ చనిపోయాడు. 'రక్తమోడుతున్న కాన్సాస్' అన్నమాట పత్రికలకెక్కింది. సెప్టెంబరులో వచ్చిన కొత్త గవర్నర్ జాన్ గియరీ సైన్యం సాయంతో మంటలు చల్లార్చాడు. నవంబరు ఎన్నికల్లో డెమొక్రాట్ల అభ్యర్థి జేమ్స్ బుకానన్ అధ్యక్షుడిగా గెలిచాడు. గొడవ జరిగిన ఏళ్లన్నీ రాయబారిగా లండన్‌లో ఉండటమే అతని పెద్ద అర్హత అయింది. కానీ రెండేళ్ల వయసున్న రిపబ్లికన్ పార్టీ తొలి పోటీలోనే జాన్ ఫ్రీమాంట్ పేరు మీద 11 రాష్ట్రాలు గెలుచుకుంది. ఇంకో రెండు మూడు ఉత్తరాది రాష్ట్రాలు కలిస్తే, దక్షిణాదిలో ఒక్క ఓటు లేకుండానే అధ్యక్ష పదవి అందుతుందని రెండు పక్షాలకూ లెక్క తేలిపోయింది.

కాంగ్రెస్ తేల్చలేకపోయిన ప్రశ్నను సుప్రీంకోర్టు తేల్చేస్తుందని బుకానన్ 1857 మార్చి 4న ప్రమాణస్వీకారం చేస్తూ దేశానికి చెప్పాడు. రెండు రోజులకే తీర్పు వచ్చింది. ఆ కేసు వేసింది సెయింట్ లూయిస్‌కు చెందిన డ్రెడ్ స్కాట్ అనే బానిస. తనతోపాటు భార్య హ్యారియట్, ఇద్దరు కూతుళ్ల స్వేచ్ఛ కోసం అప్పటికి పదకొండేళ్లుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నాడు. అతని కథ, ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ తీర్పు, ఆ తీర్పు లింకన్‌నూ డగ్లస్‌నూ ఒకే వేదిక మీదికి ఎలా తెచ్చిందన్నది వచ్చే భాగంలో.